మీకు తెలుసా? మెదడుకు మందు చేర్చే బుడగలు

మెదడులోని సన్నని రక్తనాళాల గోడలు మహా కట్టుదిట్టం. వాటి కణాలు ఒకదానికొకటి బిగుసుకుని, రక్తంలోని క్రిములను, విషాలను లోపలికి రానివ్వవు. చిక్కేమిటంటే, చాలా మందులనూ రానివ్వవు. మెదడులో గడ్డ ఉన్నవారికి ఇది ఎంత పెద్ద శాపమో!

దారి చూపినవి గుండె స్కానింగ్‌లో రక్తం స్పష్టంగా కనబడటానికి వాడే సూక్ష్మ బుడగలు. పైన కొవ్వు పదార్థపు పలుచని పొర, లోపల వాయువు. పరిమాణం ఎర్ర రక్తకణం కంటే చిన్నది. వీటిని రక్తంలోకి ఎక్కించి, బయటి నుంచి అల్ట్రాసౌండ్‌ను మెదడులో కావలసిన చోటికే గురిపెడతారు. అక్కడ మాత్రమే బుడగలు సెకనుకు లక్షలసార్లు ఉబ్బుతూ, కుంచించుకుపోతూ కణాల మధ్య బిగిని సడలిస్తాయి. మందు లోపలికి వెళుతుంది. దాదాపు ఒక్క రోజులో గోడ మళ్లీ మూసుకుంటుంది. బుడగల్లోని వాయువు ఊపిరితో బయటికి పోతుంది. పుర్రెకు కోత అక్కర్లేదు.

2001లో శాస్త్రవేత్త కుల్లెర్వో హైనినెన్ బృందం కుందేళ్లలో దీన్ని చూపింది. 2015లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో మెదడు గడ్డ ఉన్న రోగికి కీమో మందుతో కలిపి ప్రయోగించారు. 2024 జనవరిలో వెస్ట్ వర్జీనియా వైద్యులు ముగ్గురు అల్జీమర్స్ రోగుల ఫలితాలు ప్రకటించారు. మందుకు అల్ట్రాసౌండ్ తోడైన భాగాల్లో, ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్, మిగతా చోట్ల కంటే సగటున 32 శాతం ఎక్కువగా తగ్గింది. ముగ్గురే కాబట్టి తొందరపడకూడదు గానీ, ఆశపడదగిన ఫలితమే.

మందును బుడగలోనే నింపి, గమ్యం దగ్గర పగలగొట్టే పద్ధతిపైనా పరిశోధన సాగుతోంది.