కాలువ కట్టేలోగా గట్టెక్కాలి దాళ్వా
చలికి ఆకుమడి ముడుచుకుంటే ఏప్రిల్‌లో రైతుకు చిక్కులు

అమలాపురం: శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. కాని దాళ్వా రైతుకు శివరాత్రిదాకా ఆగే వీలు లేదు. మార్గశిరంలో ఆకుమడి పోసిన నాటినుంచి మాఘంలో చేను పిలకలు వేసేదాకా అతని చూపంతా రెండిటి మీదే వుంటుంది. ఒకటి తెల్లవారుజామున ఆకు మీద పడే మంచు. రెండవది పొలం పక్క బోదెలో పారే నీరు.

కోనసీమ సముద్రపు ఒడ్డు సీమ. లంబసింగిలో మాదిరి మంచు పేరుకునే చలి ఇక్కడ లేదు. అయినా వరి వేడిని కోరే పైరు. రాత్రి వేడి 15 డిగ్రీల దరిదాపులకు దిగి కొన్నాళ్లు అలాగే వుంటే మొలక ఆలస్యమవుతుంది, ఆకు పసుపుబారుతుంది, నారు ఎదగక ముడుచుకుపోతుంది. నాలుగు వారాలలో అందవలసిన నారు మరో వారం పది రోజులు వెనకబడుతుంది.

పది రోజులే కదా అనుకోవడానికి లేదు. దాళ్వాలో విరివిగా వేసే ఎం.టి.యు. 1010, బోండాలు రకాలు చేతికి రావడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. డిసెంబరు 10న విత్తితే ఏప్రిల్ రెండవ వారానికి కోతలు వస్తాయి. జనవరి 1న విత్తితే ఏప్రిల్ ఆఖరే. పైగా చలి మరో పది రోజులు మింగితే మే నెల వచ్చేస్తుంది. మరమ్మతుల కోసం కాలువలు కట్టేది ఏప్రిల్‌లోనే. గింజ పాలు పోసుకునే వేళ బోదె ఎండితే అంతవరకు పెట్టిన పెట్టుబడి తాలుగా మారుతుంది.

శివారు రైతు గోడు

ధవళేశ్వరం వద్ద 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన నాటినుంచి మధ్య డెల్టాకు కాలువ నీరే ప్రాణం. పి.గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు దాటి వెళ్లే నీరు చివరకు మలికిపురం, సఖినేటిపల్లి చేరాలి. ఇటు అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోనలదీ శివారు బతుకే. వేసవిలో గోదావరి తగ్గినప్పుడు సీలేరు నుంచి విడిచే నీటితో కాలువలను నెట్టుకు రావలసి వుంటుంది. ఎగువ మళ్లు తడిసిన తర్వాతనే దిగువకు నీరు. అందుకే ఆలస్యం దెబ్బ ముందుగా తగిలేది శివారుకే.

కౌలు రైతుకు ఇది మరీ బరువు. చాలా చోట్ల సార్వా గింజ మక్తాకు సరిపోతుంది. ఇంటికి మిగిలేది దాళ్వాయే. ఆ పంట తప్పితే మిగిలేది అప్పే.

ఆలస్యానికి చలి ఒక్కటే కారణం కాదు. సార్వా కోతల వేళ తుపాను వస్తే అసలు మొదలే వెనకబడుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు గోదావరి జిల్లాల్లో కోసిన పనలు తడిసిపోయాయి. కౌశిక వంటి మురుగు కాలువలు పూడితే నీరు దిగక చేలు ఆరవు. పెట్టుబడులు, గిట్టుబాటు ధర, మురుగు బాధలు కలిసే 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అప్పుడు ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని వేయవలసి వచ్చింది.

ఆకుమడిని కాపాడుకోవడం ఇలా

చలిని ఆపడం ఎవరి తరమూ కాదు. దాని దెబ్బ తగ్గించుకోవడం రైతు చేతిలోనే వుంది. చలి రోజుల్లో మండె కట్టిన విత్తనానికి వెచ్చదనం చాలదు. కనుక గోనెల మీద వరిగడ్డి దట్టంగా కప్పి, గోరువెచ్చని నీరు చిలకరిస్తూ, మొలక బాగా కనిపించేదాకా ఆగి చల్లాలి.

ఆకుమడిలో సాయంత్రం నీరు నిండుగా పెట్టి, ఉదయం ఆ చల్లని నీటిని తీసి కొత్త నీరు పెట్టాలి. తెల్లవారే వేళ కాలువ నీటికంటే బోరు నీరు వెచ్చగా వుంటుంది. బోరు వున్నవారు దానిని వాడుకోవచ్చు. చలి మరీ ఎక్కువగా వుంటే కర్రలు వంచి పాతి రాత్రి పూట పాలిథిన్ పట్టా కప్పి, పొద్దెక్కగానే తీసివేయాలి.

ఆకు అడుగుభాగం పాలిపోయి తుప్పు మచ్చలు కనిపిస్తే అది జింకు లోపం. చలిలో ఇది ఎక్కువ. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి అయిదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ఊడ్పు చేలో ఆఖరు దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. భాస్వరం ఎరువుతో దీనిని కలపరాదు. రెండిటికీ మూడు రోజుల ఎడం వుండాలి.

పసుపుబారింది కదా అని యూరియా గుప్పించడం పెద్ద పొరపాటు. చలి రాత్రులు, మంచు, పైన యూరియా మూడూ కలిస్తే అగ్గితెగులుకు పిలిచి పీట వేసినట్లే. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కలిపి చల్లాలి.

నారు ముదిరినా చింతించనక్కర లేదు. కొనలు తుంచి, కుదురుకు నాలుగైదు మొక్కల చొప్పున, చదరపు మీటరుకు 44 కుదుళ్లు వుండేలా ఊడ్చాలి. ముదురు నారు పిలకలు తక్కువ వేస్తుంది గనుక ఆ లోటును దగ్గర ఊడ్పు పూడుస్తుంది. డ్రమ్ సీడర్‌తో నేరుగా చేలో విత్తితే ఊడ్పు కూలీ తప్పడమే కాక వారం పది రోజులు కలిసివస్తాయి. దమ్ము చదునుగా లేకపోతే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

జపాన్‌లోనూ ఇదే తంటా

చలితో వరి రైతు పోరు ఇక్కడిదే కాదు. జపాన్ ఉత్తర భాగాన హొక్కైడోలో కొండనీటిని సూటిగా చేలోకి వదలక, వంకర కాలువల్లోను, చెరువుల్లోను తిప్పి ఎండకు కాగనిచ్చి పెడతారు. చిరుపొట్ట దశలో చలి తగిలితే గింజ తాలు పోతుందని మడిలో నీరు లోతుగా నిలుపుతారు. అంత జాగ్రత్తపరులకూ 1993లో వేసవి చల్లబడి పంట పోయింది. ఆ దేశం థాయ్‌లాండ్, చైనా, అమెరికాల నుంచి బియ్యం తెచ్చుకోవలసి వచ్చింది.

మనకు కష్టం రెండు వైపులా వుంది. మొదట చలి, చివర ఎండ. పూత వేళ వేడి 35 డిగ్రీలు మించితే పుప్పొడి పనిచేయదు. ఈ రెండిటి నడుమ దారి ఇరుకు. సంక్రాంతిలోగా ఊడ్పులు ముగిసేలా చూసుకున్నవాడే ఆ దారిన సాఫీగా సాగిపోగలడు. అప్పటికీ అందదనుకున్న శివారు రైతు, నీటి కోసం ఎదురుచూడక కోతకు రెండు మూడు రోజుల ముందే సార్వా చేలో మినుము చల్లుకోవడం మేలు. రెండున్నర నెలల్లో చేతికొచ్చే ఆ పైరు మంచుతోను, నేలలోని చెమ్మతోను బతుకుతుంది. బూడిద తెగులు విషయంలో కన్నేసి వుంచితే చాలు.

రైతు చేయగలిగింది ఇంత. కాలువ కట్టే తేదీ ఆకుమళ్లు పోయకముందే ప్రకటించడం, వంతుల నీరు శివారుదాకా అందించడం, మురుగు కాలువల పూడిక వానలకు ముందే తీయించడం అధికారుల వంతు. ఆ మూడూ జరిగితే మాఘమాసపు చలికి మానులు వణికినా దాళ్వా రైతు వణకడు.