ఆర్‌ఓ నీళ్లు సన్నగా వస్తున్నాయా? ముందు ప్రెజర్ చూడండి

మొన్న సంక్రాంతికి హామిల్టన్‌లో మా ఇంటికి చుట్టాలొస్తే ఆర్‌ఓ నీళ్లు చాల్లేదు. ఫిల్టర్ పాడైందనుకుని కొత్తది కొన్నాను. డబ్బు దండగ!

తర్వాత వాషింగ్ మెషీన్ కుళాయికి ప్రెజర్ గేజ్ బిగించి చూస్తే 55 పీఎస్‌ఐ ఉంది. ఇంటి ఆర్‌ఓకి మామూలుగా 40 నుంచి 60 ఉంటే చాలు. అంతకంటే తక్కువైతే బూస్టర్ పంపు పెట్టుకోవాలి. 80 దాటితే ప్రెజర్ తగ్గించే వాల్వు తప్పనిసరి. లేకపోతే గొట్టాలు ఊడి వంటిల్లంతా నీళ్లే.

మరి మా ఇబ్బంది ఎందుకు? మనకొచ్చేది ఒంటారియో సరస్సు నీరు. మెంబ్రేన్ మీద రాసే లెక్క 25 డిగ్రీల నీటికి. జనవరి చన్నీళ్లకు అందులో సగమే రావచ్చు. ట్యాంకు ఖాళీ చేసి గాలి కూడా చూడండి, 7-8 పీఎస్‌ఐ ఉండాలి. ఇవన్నీ చూశాకే కొత్త ఫిల్టర్ సంగతి ఆలోచించండి.