ఇంటి హింస: అపోహలు – వాస్తవాలు

హింసను ఒక మనిషి దుర్గుణంగా చూసి వదిలేయదు సమాజశాస్త్రం. ఎవరు ఎవరిని కొట్టగలుగుతున్నారు, చూసినవాళ్లు ఎందుకు ఊరుకుంటున్నారు అని అడుగుతుంది. పసుపు, బీడీలు, గల్ఫ్ వలసల మీద బతికే నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతంలోనూ ఈ ప్రశ్నలకు కొన్ని గట్టి నమ్మకాలు అడ్డొస్తాయి.

అపోహ: అంతా తాగుడు వల్లే.

వాస్తవం: తాగుడు హింసను పెంచుతుందన్నది నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డది ఊరికే కాదు. కానీ తాగుడొక్కటే కారణమైతే దెబ్బలు ఎదురుపడ్డ వాళ్లందరికీ తగలాలి. నిజామాబాద్ యార్డులో పసుపుకు ధర పడిపోయినా రైతు ఖరీదుదారు మీద చెయ్యెత్తడు, అప్పిచ్చిన సేటు ముందు గొంతు పెంచడు. అదే మనిషి రాత్రి ఇంటికొచ్చి భార్యను కొడితే, తాగున్నాడు పోనీ అని ఊరు సర్దిచెబుతుంది. ఎవరిని కొడితే చెల్లుతుందన్న లెక్క మత్తులో కూడా తప్పడం లేదు. పరిశోధకులు చూసేది ఆ లెక్కనే.

అపోహ: ఆడవాళ్లకు ప్రమాదం బయటివాళ్లతోనే.

వాస్తవం: జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో పదింట తొమ్మిదికి పైగా అత్యాచార కేసుల్లో నిందితులు తెలిసినవాళ్లే. బయటివాళ్లు చేసిన హింసలోనూ ఏది వార్త అవుతుందన్నది వేరే సంగతి. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో జరిగిన 'దిశ' అత్యాచారం, హత్య ఘటన దేశాన్ని కదిలించింది. అదే నెలలో ఆసిఫాబాద్ జిల్లాలో ఒక దళిత మహిళపై జరిగిన అత్యాచారానికి, హత్యకు అంత ఆగ్రహం దక్కలేదు.

అపోహ: సంపాదించే ఆడదాని జోలికి ఎవరూ పోరు.

వాస్తవం: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దీనికి ఎదురే చెబుతోంది. హింస అనుభవించామన్నవాళ్లు ఇంటిపట్టున ఉండేవాళ్లలో కన్నా పనికి పోయేవాళ్లలోనే ఎక్కువ. పని చేసినంత మాత్రాన డబ్బు చేతికి రాదు కూడా. తవ్విన పసుపు ఏరడం, కొమ్ములూ మండలూ విడదీయడం చాలావరకు ఆడవాళ్ల పని. అమ్మినప్పుడు తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) మాత్రం ఎక్కువగా మగవారి పేరునే వస్తుంది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టిన కూలీ డబ్బునూ లాక్కోవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం ఇలా లాక్కోవడాన్ని ఆర్థిక హింస అంది.

అపోహ: కేసులు లేని ఊళ్లో హింస లేనట్టే.

వాస్తవం: అదే ఆరోగ్య సర్వే 2019–21 విడతలో తెలంగాణలో పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 37% మంది భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. ఠాణా దాకా వచ్చేది అందులో కొద్ది. మధ్యలో పెద్దమనుషుల పంచాయితీ ఉంటుంది. నిజామాబాద్ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు వేసేంత బలమైనవి. అలాంటి చోట ఊరి మాట దాటి పోలీసుల దగ్గరికి పోవడం తేలిక కాదు. సర్వేవాళ్లు నిజం రాబట్టడానికి పాటించే పద్ధతి గమనించదగ్గది. ఈ ప్రశ్నలకు ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకుంటారు, పక్కన ఎవరూ లేనప్పుడే అడుగుతారు. అత్త వచ్చి గడపలో కూర్చుంటే అక్కడితో ఆపేయాలి.

అపోహ: కొడితే తప్పేముందని ఆడవాళ్లే అంటున్నారు.

వాస్తవం: అంటున్నారు. కొన్ని సందర్భాల్లో భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు అదే సర్వేలో తెలంగాణలో సుమారు 84%, మగవారు 70%. సర్వే అడిగిన సందర్భాల్లో చెప్పకుండా బయటికెళ్లడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం కూడా ఉన్నాయి. చిన్ననాటి నుంచి విన్న నియమాన్ని ఒప్పజెప్పడం వేరు, దెబ్బలకు ఒప్పుకోవడం వేరు. పుట్టింటి తలుపు మూసుకుపోయిన మనిషి జవాబును సమ్మతిగా రాసుకోవడం తొందరపాటు.

అపోహ: సమాజశాస్త్రానికి మగవారి గోడు పట్టదు.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో హత్యకు గురయ్యేవాళ్లలో 81% మగవారే, చంపేవాళ్లూ ఎక్కువగా మగవారే. జీవిత భాగస్వామి చేతిలో చనిపోయేవాళ్లలో మాత్రం 82% స్త్రీలు. మగవాడికి ప్రాణాపాయం ఎక్కువగా వీధిలో, ఆడదానికి ఇంట్లో ఎందుకుందో వివరించడానికి మగతనం మీద కూడా విడిగా పరిశోధనలు సాగుతున్నాయి.