మన చేతికి తగిన కుమ్మరి తరగతి

వేసవి సెలవులు వచ్చేసరికి పట్టణాలలో మట్టిపని నేర్పే తరగతుల ప్రకటనలు కనిపిస్తాయి. రెండు గంటలలో కప్పు చేసి ఇంటికి పట్టుకుపోవచ్చునని ఒకరు, మూడు నెలలలో పనిమంతులను చేస్తామని మరొకరు అంటారు. పల్లెలోని కుటుంబానికి ఇది ఖర్చుతో కూడిన సంగతి. ఫీజు, బస్సు చార్జీలు, పని మానుకున్న రోజుల కూలి అన్నీ లెక్కకు వస్తాయి. తరగతి ఎంత మంచిదైనా మన స్థాయికి తగనిదైతే డబ్బూ పోతుంది, పిల్లల ఆసక్తీ పోతుంది. అందుచేత చేరకముందే మన చేతికి ఏమి వచ్చునో, ఏమి రాదో చూసుకోవాలి. ప్రియ పాఠకులారా, ఈ విషయమై మాకు తెలిసిన నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాము.

మొదటిసారి మన్ను పట్టేవారు

వీరు సారె జోలికి పోకుండా చేతితో చేసే తరగతిలో చేరడం మేలు. మట్టిముద్దలో బొటనవేలు దించి చిన్న గిన్నె చేయడం, మన్నును త్రాడులా పేని చుట్టలుగా పేర్చడం, రొట్టెలా పరచి పలకలు కోసి అతకడం, ఈ మూడూ అక్కడ నేర్పుతారు. ఇవి చిన్నపిల్లల ఆటలా కనిపిస్తాయి గాని, మన్ను ఎంత తడిగా ఉండాలో, గోడ ఎంత మందముండాలో చేతికి తెలిసేది ఇక్కడే. ఒకచోట మందము, ఒకచోట పలుచన అయితే ఆరేటప్పుడు పగులుతుంది. మన్నును బట్టి ఆరి, కాలేసరికి పాత్ర కొలత నూటికి సుమారు పది పాళ్లు తగ్గుతుంది. ఈ సంగతులు ఒక్క పూటలో చేతికి అబ్బవు. ఒకరోజు తరగతి రుచి చూడడానికి చాలు. నేర్చుకోవాలంటే కొన్ని వారాల తరగతి కావాలి.

సారె మీద కూర్చోవాలనుకునేవారు

సారె మీద మొదటి కష్టము ముద్దను సరిగా నడుమ నిలపడం. అది కొంచెము ప్రక్కకు ఉన్నా గోడ ఊగి పడిపోతుంది. ఇది వినికిడితో వచ్చే విద్య కాదు, ఎన్నో గంటలు కూర్చుంటేనే వస్తుంది. కనుక ఎంతమందికి ఒక సారె ఉంటుందో, ఒక్కొక్కరు ఎంతసేపు కూర్చోవచ్చునో తప్పక అడగండి. ఐదుగురికి ఒక సారె అయితే రెండు గంటల తరగతిలో మనకు దక్కేది అరగంట కూడా కాదు. గురువు తన చేతులు మన చేతులపై పెట్టి చేయించిన కప్పు జ్ఞాపకానికి పనికివస్తుంది గాని అది మన విద్య కాదు.

పై తరగతికి తగుదుమా లేదా అనేది మనమే పరీక్షించుకోవచ్చు. ఎవరి సహాయము లేకుండా వరుసగా మూడుసార్లు ముద్దను నడుమ నిలిపి, నిలువు గోడ లేపండి. తర్వాత దానిని తీగతో నిలువునా కోసి, గోడ మందము పైనుండి క్రిందికి ఒకే తీరున ఉందేమో చూడండి. ఉంటే ముందుకు వెళ్లండి. లేకపోతే అదే తరగతిలో మరికొన్నాళ్లు కూర్చోవడం నామోషీ కాదు.

కోసిన పాత్ర వ్యర్థమైపోతుందని బెంగ వద్దు. యిర్మీయా గ్రంథము 18వ అధ్యాయములో చెడిపోయిన మంటినే కుమ్మరి మరల మరొక పాత్రగా చేస్తాడు. 19వ అధ్యాయములో పగులగొట్టిన కూజా ఇక బాగు కాదు. పనిలోనూ అంతే. కాలని మన్నును నానబెట్టి మరల వాడవచ్చు. కాలిన పెంకు తిరిగి మన్ను కాదు. తప్పులన్నీ కాల్చకముందే చేసి దిద్దుకోవడం తెలివి.

బ్రతుకుతెరువుగా ఎంచుకునేవారు

వీరికి కాల్చే విద్య తప్పనిసరి. లోపల తడి మిగిలిన పాత్రను త్వరగా వేడిచేస్తే నీరు ఆవిరై పాత్రను పేల్చివేస్తుంది. సామాన్యముగా మన ఊరి ఆవములో కాలిన కుండ గోడలో సన్నని రంధ్రాలుంటాయి. ఆ చెమ్మ వల్లనే నీరు చల్లబడుతుంది. టీ కప్పులకు, పళ్లాలకు గాజువంటి పూత వేయాలి. దానినే గ్లేజు అంటారు. స్టోన్‌వేర్ అనే గట్టి రకానికి 1200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. తినే పాత్రల పూతలో సీసము ఉండకూడదు. ఈ మర్మాలు తెలియాలంటే విద్యార్థి తానే ఆవము పేర్చి, కాల్చి, దించాలి. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో ఇలా నెలల తరబడి పని నేర్చినవారు అనేకులు తర్వాత సొంత పనిశాలలు పెట్టుకున్నారు.

కుమ్మరి కుటుంబాల యువతీయువకులు

పుట్టినప్పటి నుండి సారె చూచినవారిని మొదటి తరగతిలో కూర్చోబెట్టడం డబ్బు దండుగ. వారికి కావలసింది పూత, ఆవము వేడి అదుపు, క్రొత్త ఆకారాలు, అమ్మకము. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో కుమ్మరిపని ఒకటి. అందులో 5 నుండి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, 15 రోజులు లేక అంతకు మించిన ఉన్నత శిక్షణ అని రెండు మెట్లు పెట్టారు. శిక్షణ రోజులకు దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము కూడా ఆ పథకములో ఉన్నాయి. కుటుంబానికి ఒక్కరే అర్హులు గనుక ఎవరు చేరాలో ఇంట్లో కూర్చొని నిర్ణయించుకోండి.

డబ్బు కట్టకముందు అడగండి

* మన్ను, పూత, కాల్చే ఖర్చు ఫీజులో కలిసి ఉన్నాయా?
* తరగతి లేని వేళల్లో సాధన చేసుకోనిస్తారా?
* చివరికి ఎవరి సహాయము లేకుండా ఏ పాత్ర చేయగలము?
* పొడి మన్నును చీపురుతో ఊడుస్తారా, తడిగుడ్డతో తుడుస్తారా? ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

మీ ఊరిలో ఇంకా సారె తిరుగుతూ ఉంటే ముందు ఆ గుమ్మము తొక్కండి. ఆ పెద్దాయన సారె మీద మందపాటి పాత్ర లేపి, తర్వాత చెక్కతో తట్టి తట్టి దానిని పలుచని కుండగా పెంచే తీరు చూడండి. రెండు రోజులు మన్ను త్రొక్కనిమ్మని అడగండి. ఆయన సమయానికి తగిన కూలి ఇవ్వడం మరువకండి. మీ అబ్బాయికి, అమ్మాయికి నిజముగా ఈ పని మీద మనసున్నదో లేదో పట్టణానికి టికెట్టు కొనకముందే అక్కడ తేలిపోతుంది.