వార్తల్లో పదం: కాంటూరు రేఖ

సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ పటంలో గీసేదే కాంటూరు రేఖ. మన 1:50,000 స్కేలు టోపోషీట్లలో రేఖకూ రేఖకూ సాధారణంగా 20 మీటర్ల తేడా ఉంటుంది. కొండలకు ఇది చాలు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఇసుక మేటగా పరుచుకున్న శ్రీహరికోట దీవికి చాలదు. ఉప్పునీళ్లు ఎందాకా ఎక్కుతాయో అక్కడ మీటరు పల్లమే తేల్చేస్తుంది.

ఉపగ్రహాలుండగా ఇలాంటి చోట నేల ఎత్తులను మళ్లీ సర్వే చేయడం దేనికని అడగవచ్చు. 2000లో అంతరిక్ష నౌక నుంచి తీసిన రాడార్ కొలతలు దట్టమైన అడవుల్లో నేలను కాక చాలావరకు చెట్ల తలలనే పట్టాయి. విమానం నుంచి వదిలే లైడార్ లేజర్ కిరణాల్లో కొన్ని మాత్రం ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగొస్తాయి. వాటిని ఏరితే అసలు నేల బయటపడుతుంది. ఖర్చెక్కువే, నిజం. రాకెట్ కేంద్రమున్న తుపాను తీరానికి మాత్రం అది దండగ కాదు. అయితే మంచినీటి చెలమనో, దుంపలు దొరికే చోటునో లైడార్ చెప్పదు. అవి తెలిసినవాళ్లు తరతరాలుగా శ్రీహరికోట అడవిలో బతికిన యానాదులు. 1969లో రాకెట్ కేంద్రానికి స్థలం ఖరారయ్యాక వాళ్లలో చాలామంది దీవి వదలాల్సి వచ్చింది. ఆ తెలివిడి కోసం వాళ్ల సాయం తీసుకుంటే, సర్వే పద్దుల్లో వాళ్ల కూలీకీ ఒక గడి ఉండాలి.