మంచుపై హాకీ: పెద్ద లీగులో నిలుచుటకు దేహబలమొక్కటే చాలునా?

హాకీ అనగానే మన మనోనేత్రాల ముందు పచ్చిక మైదానం, వంకీ కర్ర, ధ్యాన్‌చంద్ నామధేయం మెదలుట సహజం. కాని కెనడా దేశంలో అదే మాటకు వేరొక అర్థం ఉన్నది. అక్కడ మైదానం గడ్డకట్టిన నీరు. ఆటగాని పాదాల కింద ఉక్కు అలుగులు. బంతికి మారుగా 'పక్' అనబడే గట్టి రబ్బరు బిళ్ళ. దాని వ్యాసం 3 అంగుళాలు, మందం 1 అంగుళం, బరువు సుమారు 160 గ్రాములు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల ఆ మంచు చావడిలో ఒక్కొక్క జట్టు నుండి ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోలుకీపరు నిలుస్తారు. మైదానం చుట్టూ గోడ ఉంటుంది. ఈ గోడను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎందుకనగా ఈ వ్యాసంలో చర్చింపబడే యువకుల భాగ్యం చాలావరకు ఆ గోడ దగ్గరనే తేలుతుంది.

మన హాకీలో ప్రత్యర్థిని ఒంటితో ఢీకొనుట తప్పిదం. మంచు హాకీలో పక్‌ను అదుపులో ఉంచుకొన్నవానిని భుజంతో, తుంటితో ఢీకొని గోడకు అదమడం న్యాయసమ్మతమైన విద్య. అంతటితో ఆగదు. ఇద్దరు ఆటగాళ్లు చేతి తొడుగులు పారవేసి ముష్టియుద్ధానికి దిగినచో ఉత్తర అమెరికా వృత్తిక్రీడలో వారికి విధించే సాధారణ శిక్ష 5 నిమిషాలు బయట కూర్చుండుట మాత్రమే. ఐదు నిమిషాలు గడచిన పిదప ఇద్దరూ మరల ఆటలోకి రావచ్చును! ఇట్టి విచిత్ర నియమం ఉన్న కారణంగానే, బలిష్ఠులై, దెబ్బకు వెరువని యువకులకు ఆ క్రీడలో ఒక ప్రత్యేక స్థానం ఏర్పడింది. వారు నిజముగా పెద్ద లీగుకు సిద్ధమైనవారేనా అన్న ప్రశ్న కూడా దానితోపాటే పుట్టింది.

పెద్ద లీగు అనగా నేషనల్ హాకీ లీగు. 1917లో మాంట్రియల్ నగరంలో స్థాపితమైన ఈ సంస్థలో నేడు 32 జట్లు ఉన్నాయి. వాటిలో 7 కెనడాకు, 25 అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందినవి. 18 ఏళ్లు నిండిన కుర్రవాళ్లను ఈ జట్లు ప్రతి వేసవిలో డ్రాఫ్టు అనే ఎంపికలో వరుస ప్రకారం పంచుకుంటాయి. ఏడు విడతలలో 224 మంది ఎంపికవుతారు. పేరు పిలువబడిన కుర్రవాడు జట్టు చొక్కా తొడుక్కొని ఛాయాచిత్రం దిగుతాడు. తల్లి కన్నీరు తుడుచుకుంటుంది. కాని ఆ చొక్కా ఉద్యోగం కాదు. మన భాషలో చెప్పవలెనన్న అది ఇంటర్వ్యూకు పిలుపు వంటిది. వారిలో పలువురు పెద్ద లీగులో ఒక్క ఆటైనా ఆడకుండానే మరుగున పడిపోతారు.

ఈ కుర్రవాళ్లలో అనేకులు వచ్చేది కెనడియన్ హాకీ లీగు నుండి. మూడు ప్రాంతీయ లీగుల సముదాయమైన ఈ సంస్థలో ముఖ్యంగా 16 మొదలు 20 ఏళ్ల వయస్సువారు ఆడుతారు. ఇల్లు విడిచి, పరాయి ఊరిలో ఏదో ఒక కుటుంబం ఆశ్రయంలో ఉంటూ, బస్సులలో వందల మైళ్లు తిరుగుతూ ఆడడం అక్కడి ఆనవాయితీ. ఈ లీగులలో బలవంతుడైన 19 ఏళ్ల యువకుడు రాజ్యమేలుతాడు. కారణం సులభగ్రాహ్యం. అతడు ఢీకొనేది ఇంకా మీసం మొలవని 16 ఏళ్ల బాలుని. అదే యువకుడు సెప్టెంబరు మాసంలో పెద్ద లీగు శిక్షణ శిబిరానికి వెళ్లినప్పుడు ఎదురుగా 28 ఏళ్ల పరిణత పురుషుడు నిలిచి ఉంటాడు. బరువు ఇద్దరిదీ సమానమే కావచ్చు. కాని ఎదుటివాడు మోకాలు వంచి, గురుత్వ కేంద్రం కిందికి దించి, గోడకు ఎంత దూరంలో నిలువవలెనో ఎరిగినవాడు. దెబ్బ తగిలిన తరువాత కూడా పక్‌ను వదలడు.

ఇంకొక చిక్కు కాలానికి సంబంధించినది. ఢీకొనుట న్యాయమయ్యేది ప్రత్యర్థి వద్ద పక్ ఉన్నప్పుడే. అది చేజారిన కాసేపటికి తగిలిన దెబ్బ తప్పిదమవుతుంది. జూనియర్ లీగులో పక్ ఒకనివద్ద రెండు క్షణాలు నిలిచేచోట పెద్ద లీగులో అరక్షణం కూడా నిలువదు. అందుచేత మందగతి గల బలవంతుడు ప్రతిసారీ ఆలస్యంగా చేరుతాడు, ప్రతిసారీ శిక్ష తెచ్చుకుంటాడు, జట్టును ఒకడు తక్కువగా ఆడిస్తాడు. బలిష్ఠ యువకుల విషయంలో శిక్షకులు మొదట చూసేది పిడికిలిని కాదు, పాదాలను. ఈ సంగతి మన పాతబస్తీ తాలీంఖానాలు చూసినవారికి వింతగా తోచదు. అక్కడి ఉస్తాదు కూడా పట్ఠా కండలను చూసి దంగల్‌కు పంపడు. అడుగు పడే తీరు చూసి పంపుతాడు.

చరిత్రలో దీనికి ఉజ్జ్వలమైన ఉదాహరణ గార్డీ హౌ. 1946లో 18 ఏళ్ల వయస్సున డెట్రాయిట్ జట్టులో ప్రవేశించిన ఈ సస్కాచెవాన్ గ్రామీణ యువకుడు తొలి ఆటలోనే గోలు సాధించాడు. అయితే ఆ సంవత్సరం మొత్తం మీద 58 ఆటలలో అతనికి దక్కినవి 7 గోల్సు. మిగిలిన ప్రతాపమంతా కొట్లాటలలోనే. నీవు పోట్లాడగలవని చూశాము, ఇక ఆడగలవేమో చూపుమని కోచ్ జాక్ ఆడమ్స్ మందలించినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ సంగతి ఎట్లున్నా, 1950-51 మొదలు వరుసగా నాలుగు సంవత్సరాలు లీగులో అత్యధిక పాయింట్లు సాధించినవాడు అతడే. 52 ఏళ్ల వయస్సులో, 1980లో, 1767 ఆటలు, 801 గోల్సుతో పెద్ద లీగు నుండి విరమించాడు. అతని మోచేతికి ప్రత్యర్థులు చివరివరకు భయపడ్డారు. కాని అతడు నిలిచింది మోచేతివల్ల కాదు.

అందరికీ హౌ భాగ్యం కలుగలేదు. 1970, 80 దశకాలలో జట్లు కేవలం కొట్లాట కొరకే ఒకరిద్దరిని పోషించేవి. వారిని 'ఎన్‌ఫోర్సర్లు' అనేవారు. తమ జట్టు ప్రతిభావంతుని ఎవరైనా గాయపరిస్తే ప్రతీకారం తీర్చుట వారి ఉద్యోగం. ఒక విధంగా అంగరక్షకులు. డెరెక్ బూగార్డ్ జీవితం ఈ ఉద్యోగం యొక్క విషాదాంతాన్ని చూపుతుంది. 1982లో సస్కటూన్ నగరంలో పుట్టిన ఈ బాలుడు ఆరున్నర అడుగులకు మించి ఎదిగాడు. జూనియర్ లీగు అతనిలో చూసింది ఆ ఎత్తును, ఆ పిడికిలిని. 2001లో మిన్నెసోటా జట్టు అతనిని ఏడవ విడతలో, 202వ వానిగా ఎంచుకున్నది. చిన్న లీగులలో నాలుగేళ్లు శ్రమించి, స్కేటింగు మెరుగుపరచుకొని, 2005లో పెద్ద లీగులో అడుగుపెట్టాడు. మొత్తం 277 ఆటలలో అతని గోల్సు 3. శిక్షగా బయట కూర్చున్న నిమిషాలు 589. చేతులు చితికి, వెన్ను నొచ్చి, నొప్పి మాత్రలకు బానిసై, మద్యంతో కలిసిన మాత్రల ప్రభావం వల్ల 2011 మే మాసంలో 28 ఏళ్ల వయస్సున మరణించాడు. బోస్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అతని మెదడును పరీక్షించి, తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల కలిగే క్షీణవ్యాధి అందులో ముదిరి ఉన్నదని కనుగొన్నారు. అదే వేసవిలో రిక్ రిపియన్, వేడ్ బెలాక్ అనే మరి ఇద్దరు ఎన్‌ఫోర్సర్లు కూడా కన్నుమూశారు.

బూగార్డ్‌కు వ్యవధి ఇవ్వలేదని అనలేము. కాని ఆ వ్యవధిలో అతని నుండి జట్లు కోరినదేమి? సిద్ధమైనాడా అని అడిగేవారు దేనికి సిద్ధమైనాడో కూడా అడుగవలసి ఉంటుంది. కొట్లాటకు 23 ఏళ్లకు సిద్ధమైన దేహం 28 ఏళ్లకు చెల్లిపోయింది.

ఆ తరువాత ఆట రూపం మారింది. నిజానికి మార్పు అంతకుముందే మొదలైనది. 2004-05 సీజను వివాదంలో పూర్తిగా రద్దయిన పిదప, పట్టుకొని ఆపడం, అడ్డుపడడం వంటి తప్పిదాలను కఠినంగా శిక్షించసాగారు. ఆట వేగం పెరిగింది. వేతనాలకు పరిమితి ఏర్పడినందున, కొట్టడం తప్ప మరేమీ రానివానికి జీతమిచ్చుట దండుగ అయింది. 2010-11 నుండి పక్కగా వచ్చి తలను గురిచూసి కొట్టే దెబ్బలపై నిషేధం వచ్చింది. క్విబెక్ జూనియర్ లీగు 2023-24 నుండి కొట్లాడినవానిని ఆ ఆట నుండే బహిష్కరిస్తున్నది. కొట్లాటనే నమ్ముకొన్న కుర్రవానికి పాఠశాలలోనే ఆ పాఠం తీసివేసినట్లయినది.

ఇట్టి కొత్త కాలంలో టామ్ విల్సన్ ఉదంతం పరిశీలింపదగినది. 2012లో వాషింగ్టన్ జట్టు 16వ స్థానంలో ఎంచుకొన్న ఈ దృఢకాయుడు 2013-14లో, 19 ఏళ్ల వయస్సులో, 82 ఆటలూ ఆడాడు. ఆడాడన్న మాటే గాని, ఆటకు సగటున మంచుపై నిలిచినది 8 నిమిషాలలోపే! గోల్సు 3, శిక్ష నిమిషాలు 151. ఇంతటి అల్పావకాశానికి అతనిని పెద్ద లీగులో ఎందుకు ఉంచుకున్నారు? ఇక్కడ ఒక నియమం వివరింపవలసి ఉన్నది. కెనడియన్ జూనియర్ లీగుల నుండి ఎంపికైనవాడు 20 ఏళ్లు రానంతవరకు పెద్ద లీగులోనైనా ఆడాలి, జూనియర్ లీగుకైనా తిరిగిపోవాలి. మధ్యమెట్టు అయిన అమెరికన్ హాకీ లీగుకు పంపే వీలులేదు. పెద్ద లీగు ఆటగాళ్లలో దాదాపు 90 శాతం మంది ఆ మధ్యమెట్టు ఎక్కి వచ్చినవారేనని ఆ లీగు చెప్పుకుంటుంది. విల్సన్‌కు ఒకవైపు మరీ చిన్న బడి, మరొకవైపు మరీ పెద్ద బడి. నడిమి బడికి తలుపు మూత. తొలి నాలుగు సీజన్లలో ఒక్కసారైనా అతని గోల్సు పదికి చేరలేదు. 2018లో ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచిన జట్టులో ప్రధాన శ్రేణిలో నిలిచినా, అదే సంవత్సరం ఒక దెబ్బకు 20 ఆటల నిషేధం పొందాడు. మధ్యవర్తి దానిని 14కు తగ్గించాడు. 2024-25లో, 30 ఏళ్లు దాటుతుండగా, 33 గోల్సు సాధించాడు. పండు మాగింది, కాని ఎన్నేళ్లకు!

మాగుట అన్న మాట కావాలనే వాడుతున్నాను. డెట్రాయిట్ జట్టును చాలాకాలం నడిపిన కెన్ హాలండ్ తన యువకులను చిన్న లీగులో అవసరమైన దానికంటె కొంత ఎక్కువకాలమే మాగనిచ్చేవాడని ప్రసిద్ధి. కార్బైడు పెట్టి మాగవేసిన మామిడికి రంగు వచ్చినంత త్వరగా రుచి రాదన్న సంగతి మన ఇళ్లలో ఎవరికి తెలియదు?

రంగు చూసి తొందరపడే ప్రమాదం నేటికీ ఉన్నది. 2024 ఫిబ్రవరి 18న న్యూజెర్సీలోని బహిరంగ స్టేడియంలో, దాదాపు 80 వేల ప్రేక్షకుల సమక్షంలో, న్యూయార్క్ రేంజర్స్ జట్టు తరఫున మాట్ రెంపీ తొలి ఆట ఆడాడు. ఆరడుగుల ఎనిమిది అంగుళాలకు తగ్గని ఈ యువకుడు మంచుపై కాలుమోపిన తొలి వంతులోనే మాట్ మార్టిన్ అనే అనుభవజ్ఞునితో ముష్టియుద్ధానికి దిగాడు. ప్రేక్షకులు పొంగిపోయారు, కొద్ది వారాలలో అతని పేరు నగరమంతా మారుమ్రోగింది. ఆ సీజనులో 17 ఆటలు, 71 శిక్ష నిమిషాలు, మోచేతి దెబ్బకు 4 ఆటల నిషేధం. డిసెంబరులో మరొక దెబ్బకు 8 ఆటల నిషేధం. కీర్తి వచ్చిన వేగంతో పాదాలకు నేర్పు రాలేదు. అతనిని నిందించుట న్యాయం కాదు. చప్పట్లు కొట్టినవారు అడిగినదే అతడు ఇచ్చాడు.

దీనికి విరుద్ధంగా శామ్ బెన్నెట్‌ను చూడండి. 2014లో డ్రాఫ్టుకు ముందు జరిపే దేహపరీక్షలో ఒక్కసారి కూడా కమ్మీ పట్టుకొని పైకి లేవలేక నవ్వులపాలైనాడు. అయినను కాల్గరీ జట్టు అతనిని 4వ స్థానంలో ఎంచుకున్నది. ఆ బెన్నెట్టే ఫ్లోరిడా జట్టులో మొరటు ఆటకు పేరొంది, 2025 స్టాన్లీ కప్పు పోటీలలో 15 గోల్సుతో ఉత్తమ క్రీడాకారుడుగా నిలిచాడు. 18 ఏళ్ల దేహాన్ని కమ్మీకి వేలాడదీసి భవిష్యత్తు చెప్పుట జ్యోతిష్యం కంటె గొప్ప శాస్త్రమేమీ కాదు.

మన దేశ మూలాలు గల ఇద్దరి వృత్తాంతం చెప్పకపోతే ఈ విషయం అసంపూర్ణమవుతుంది. పంజాబీ కుటుంబానికి చెందిన రాబిన్ బావా జూనియర్ లీగు చివరి సంవత్సరంలో 50కి పైగా గోల్సు కొట్టినా డ్రాఫ్టులో ఏ జట్టూ అతని పేరు పిలువలేదు. 1989లో వాషింగ్టన్ జట్టు ద్వారా పెద్ద లీగులో ఆడి, భారత సంతతివారిలో ఆ గౌరవం పొందిన మొదటివాడైనాడు. కాని వృత్తిక్రీడ అతని నుండి కోరినది గోల్సు కాదు, పిడికిళ్లు. మొత్తం 61 ఆటలు, 6 గోల్సు. గోల్సు కొట్టగలవానికి కొట్లాట పని అప్పగించుట కూడా అతనిని సిద్ధం కానీయకపోవడమే.

రెండవవాడు మానీ మల్హోత్రా. 1998లో రేంజర్స్ జట్టు 7వ స్థానంలో ఎంచుకొని, 18 ఏళ్లకే పెద్ద లీగులో 73 ఆటలు ఆడించింది. మరుసటి సంవత్సరం ఎక్కువగా కూర్చోబెట్టింది. 27 ఆటలు, ఒక్క గోలు లేదు. ఎదుగుతున్న వయస్సులో ఆటగాడు ఆట చూస్తూ గడిపాడు. క్రమంగా రక్షణ విద్యలో ఆరితేరి 991 ఆటలు ఆడాడు గాని, ఆ తొలి రెండేళ్లు అతనికి ఎవరూ తిరిగి ఇవ్వలేదు. 2024-25లో ఆయన కెనడాలోని ఆబట్స్‌ఫర్డ్ జట్టుకు ప్రధాన శిక్షకుడుగా ఉన్నారు. అది అమెరికన్ హాకీ లీగు జట్టు. తాను తొందరలో దాటిపోయిన ఆ మధ్యమెట్టే. 2025 జూన్‌లో ఆ జట్టు తన లీగు ఛాంపియనైనది. లీగుకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య 2025లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2026-27 నుండి జట్టుకొక్క 19 ఏళ్ల జూనియర్ ఆటగానిని ఆ మెట్టుపైకి పంపే వీలు కలుగుతుంది. విల్సన్‌కు మూసి ఉంచిన తలుపు అదే.