చట్టాలు వేసిన పట్టాలు

శ్రావణమాసం వచ్చిందంటే బెంగళూరు చిక్కపేట సందుల్లో తెలుగు గట్టిగా వినబడుతుంది. హిందూపురం, పెనుకొండ, మదనపల్లె వైపు నుంచి పెళ్ళిబట్టలకు వచ్చిన కుటుంబాలు చాపల మీద కూర్చుని పట్టుచీరలు విప్పించుకుంటాయి. కొట్టువాడు కన్నడిగుడైనా మార్వాడీ అయినా బేరం తెలుగులోనే తెగుతుంది. ధర్మవరం నేతగాళ్ళ చీరల మూటలు కూడా ఈ పేటకే చేరతాయి. ఈ రాకపోకలు ఈనాటివి కావు. వీటి వెనక ఒక రైలుమార్గం ఉంది, ఆ మార్గం వెనక కొన్ని చట్టాలూ ఒప్పందాలూ ఉన్నాయి. ఆ కాగితాలు ఎవరికి ఏమిచ్చాయో చూడకపోతే ఈ పేట కథ సగమే తెలిసినట్టు.

1537లో పాలెగాడు కెంపేగౌడ బెంగళూరులో మట్టికోట కట్టి అందులో వీధుల్ని వృత్తులవారీగా పంచాడంటారు. అక్కిపేట, తరగుపేట, బళేపేట, కాటన్‌పేట అనే పేర్లు నేటికీ అలాగే ఉన్నాయి. మూడు శతాబ్దాల పాటు సరుకు ఎడ్లబండ్ల మీదా గాడిదల మీదా వచ్చింది. 1864 ఆగస్టు 1న జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు వచ్చింది. అయితే అది పేట కోసం వచ్చిన రైలు కాదు, బ్రిటిష్ దండు కోసం వచ్చింది. కంటోన్మెంట్ దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి చిక్కపేటకు మళ్ళీ బండ్లే దిక్కయ్యాయి.

ఆ మార్గం వేసిన మద్రాసు రైల్వే లండన్ వాటాదారుల కంపెనీ. వాళ్ళు నష్టానికి భయపడకుండా ఉండేందుకు ప్రభుత్వం పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి హామీ ఇచ్చింది. లాభం తగ్గితే ఆ లోటును భారతదేశపు ఆదాయం నుంచి పూడ్చాలి. ఆ ఆదాయంలో పెద్దభాగం రైతు కట్టే శిస్తు. పైగా భూమి 99 ఏళ్ళకు ఉచితం. ఆ భూమిని సేకరించేందుకు 1850లో రైళ్ళను ప్రజోపయోగ పనులుగా ప్రకటించారు. 1857లో బ్రిటిష్ ఇండియా మొత్తానికీ ఒకే భూసేకరణ చట్టం తెచ్చారు. 1870లో దాన్ని మార్చారు, 1894లో మళ్ళీ రాశారు. ఆ 1894 చట్టమే స్వతంత్ర భారతంలో కూడా 2013 వరకు మన పొలాల మీద రాజ్యం చేసింది.

సరిగ్గా అదే కాలంలో అమెరికా ఏం చేసిందో చూడండి. 1862 మే 20న హోమ్‌స్టెడ్ చట్టం, జూలై 1న పసిఫిక్ రైల్వే చట్టం వచ్చాయి. మొదటిది ఐదేళ్ళు ఉండి సాగు చేసినవాడికి 160 ఎకరాలు ఇచ్చింది. రెండోది రైలు కంపెనీలకు మైలుకు 6,400 ఎకరాలతో పాటు మైదానంలో మైలుకు 16,000 డాలర్లు, కొండల్లో 48,000 డాలర్ల విలువైన బాండ్లను అప్పుగా ఇచ్చింది. రెండేళ్ళకు భూమి వాటా రెట్టింపు చేశారు. 1869 మే 10న యూటాలోని ప్రోమంటరీ దగ్గర రెండు వైపుల పట్టాలూ కలిశాయి. ఆ భూమి అంతకుముందు ఆదివాసులది. వాళ్ళ దుఃఖం మీదే తెల్లవారి వలస సాగింది, దాన్ని మరచిపోయి ఆ చట్టాల్ని పొగడలేం. అయినా ఒక తేడా ఒప్పుకోవాలి. అక్కడి చట్టం కంపెనీతో పాటు దున్నేవాడికీ ఒక పత్రం చేతికిచ్చింది. ఇక్కడి చట్టం కంపెనీకి హామీ ఇచ్చింది, దున్నేవాడికి నోటీసు ఇచ్చింది.

ఆ నోటీసు కంటే పెద్ద కష్టం 1876లో వచ్చింది. రెండేళ్ళ కరవు. మైసూరు సంస్థానంలో జనాభాలో సుమారు ఐదో వంతు పోయారని అంచనా. అవతల అనంతపురం, బళ్ళారి, కడప, కర్నూలు సీమల్లోనూ అదే శోకం. గింజలున్న చోటు నుంచి గింజలు లేని చోటుకు చేర్చే దారి లేక మనుషులు రోడ్ల పక్కన రాలిపోయారు. బెంగళూరు–మైసూరు రైలు కట్ట పని అప్పుడే కరవు పనిగా మొదలైంది. ఆకలితో ఉన్నవాళ్ళు మట్టి తవ్వి, గంపలు మోసి వేసిన కట్ట అది. 1882లో ఆ మీటర్‌గేజి మార్గం పూర్తయింది. పేటకు పడమటి వైపున సిటీ స్టేషన్ వెలిసింది. చిక్కపేట వర్తకుడికి రైలు నడిచి వెళ్ళేంత దగ్గరయింది ఆ తర్వాతే. ఆ మట్టి మోసినవాళ్ళలో ఏ ఒక్కరికీ ఆ దారి పక్కన గజం నేల రాసివ్వలేదు.

1881లో బ్రిటిష్‌వారు తమ పాలనలో ఉన్న మైసూరును వొడెయరు వంశానికి తిరిగి అప్పగించినప్పుడు రాసుకున్న పత్రంలో రైలు గురించి ఒక షరతు ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం రైలు వేయదలిస్తే మహారాజు భూమిని ఉచితంగా ఇవ్వాలి, ఆ భూమి మీద పూర్తి అధికారాన్ని కూడా వదులుకోవాలి. సొంత రాజ్యంలో పట్టాలు పడ్డ మేర రాజు పరాయివాడవుతాడన్నమాట.

తెలుగువారికి అసలు మలుపు 1893. 1880 నాటి కరవు కమిషన్ ఆకలిని ఆపడానికి రైళ్ళు వేయాలని గట్టిగా చెప్పింది. దత్తమండలాల్లో, అంటే పైన చెప్పిన అనంతపురం, బళ్ళారి, కడప, కర్నూలు సీమల్లో, కరవు నివారణ మార్గాలు వేశారు. 1893 నాటికి గుంతకల్లు నుంచి అనంతపురం, ధర్మవరం, పెనుకొండ మీదుగా వచ్చిన దారి పేరే గుంతకల్లు–మైసూరు ఫ్రాంటియర్ రైల్వే. హిందూపురం దాటాక సరిహద్దు నుంచి బెంగళూరు వైపు 51 మైళ్ళు మైసూరు సంస్థానం తన డబ్బుతో వేసింది. రెండు ముక్కల్నీ నడిపింది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. సరిహద్దు ఊరైన హిందూపురం బెల్లానికీ చింతపండుకూ పేరున్న సంత అయింది. గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా తెలుగు వర్తకుడూ నేతగాడూ కూలీ చిక్కపేటకు దిగారు. ఎవరూ పిలిచి ఎకరాలివ్వలేదు. తెలిసినవాళ్ళ ఇంటి అరుగు మీద పడుకుని, అప్పు మీద సరుకు తెచ్చుకుని ఇక్కడ నిలదొక్కుకున్నారు.

ప్రభుత్వం భూమి ఇచ్చి స్థిరపరచిన వలస ఈ నగరంలో లేకపోలేదు. 1882లో ఆంగ్లో ఇండియన్ల కోసం 3,900 ఎకరాలు మంజూరు చేశారు. అదే నేటి వైట్‌ఫీల్డ్. కట్ట మోసిన కరవు కూలీకి ఎందుకు అలాంటి ఊరు కట్టలేదన్నది నన్ను వదలని ప్రశ్న.

రైలు సరుకుతో పాటు రోగాన్నీ తెచ్చింది. 1898 ఆగస్టులో ప్లేగు హుబ్బళ్ళి వైపు నుంచి రైలు దారినే బెంగళూరు చేరింది. గాలీ వెలుతురూ లేని పేట ఇళ్ళు ఖాళీ అయ్యాయి. బసవనగుడి, మల్లేశ్వరం ఆ భయంలోంచి పుట్టిన కొత్త పేటలు. స్థోమత ఉన్నవాళ్ళు అక్కడ స్థలాలు తీసుకుని వెళ్ళారు. చిన్న వర్తకులు ఈ సందుల్లోనే ఉండిపోయారు.

2017 జూన్‌లో చిక్కపేట కింద మెట్రో స్టేషన్ తెరుచుకుంది. ఇక్కడి నుంచి మెజెస్టిక్‌కు సొరంగం తొలిచిన యంత్రాలకు కృష్ణా, గోదావరి అని పేర్లు పెట్టారు. మెట్రో భూసేకరణకు వాడింది 1966 నాటి కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల చట్టం. ఫ్యాక్టరీల కోసం రాసిన చట్టంతో బజారులో కొట్లు తీసుకున్నారు. రైలుకు అడ్డొచ్చినవాడి కోసం కాక రైలు కోసమే చట్టాన్ని వెతుక్కునే అలవాటు మనకింకా పోలేదు.

2013 నాటి కొత్త భూసేకరణ చట్టం కొంత దిద్దింది. నగరంలో మార్కెట్ విలువకు రెట్టింపు, పల్లెలో నాలుగు రెట్ల వరకు పరిహారం, పునరావాసం తప్పనిసరి అన్నది. 2015 నుంచి ఈ పరిహారపు నియమాలు కేంద్ర రైల్వే, మెట్రో చట్టాల కింద జరిగే సేకరణకూ వర్తిస్తున్నాయి. కౌలురైతూ అద్దెకొట్టువాడూ ఆ పరిహారం అందుకోవడం మాత్రం నేటికీ కష్టంగానే ఉంది.

ఇప్పుడు మన ముందు మరో సరిహద్దు మార్గం ఉంది. కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు వైపు రావలసిన రైలు 2008–09లో మంజూరైంది. పట్టాలు పడింది కడప–పెండ్లిమర్రి మధ్యనే. మదనపల్లె నుంచి చిక్కపేటకు వచ్చే పెళ్ళివారు నేటికీ బస్సులే ఎక్కుతున్నారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేంద్రం కూర్చుని ఈ దారిని పూర్తి చేయాలి. ఆ దారికి పొలమిచ్చే రైతుకు, ఆ పొలం కౌలుకు చేసేవాడికి, రోడ్డు పక్క కొట్టువాడికి డబ్బు చేతికి అందిన తర్వాతే మొదటి గంప మట్టి లేవాలి.